నలభై రేడియోలు, ఒక ఆవకాయ డబ్బా

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున్న, ఇక్కడ సింగపూరులో లిటిల్ ఇండియా నుంచి తెచ్చుకున్న కరివేపాకు దూసి డబ్బాలో పోసుకుంటూ కూర్చున్న నాకు మా అమ్మాయి ఫోనులో ఒక ఫొటో పంపింది. ఊళ్ళోని ఒక పెద్ద ప్రదర్శనశాలలో, గాజు పలకల వెనక, నలభై పాత ట్రాన్సిస్టర్ రేడియోలు వరసగా పేర్చి ఉన్నాయి. లోపలి తీగలూ కాయిళ్ళూ చూసేవాళ్ళకు కనపడాలని వెనక మూతలన్నీ ఊడదీసి పెట్టారు. కళ్ళజోడు తెచ్చుకుని ఫొటో పెద్దది చేసి చూశాను. ప్రతి రేడియోలోనూ కాయిళ్ళ నెత్తిన ఒక్కొక్క వంకాయరంగు మైనపు చుక్క ఉంది. ఆ చుక్కలు పెట్టింది నేను. కింద అట్ట మీద మాత్రం, ఈ ఊదా చుక్కలు కళాకారుడు తన సంగీతం కోసం కల్పించుకున్న రహస్య లిపి అని ఇంగ్లీషులో రాశారు. దాని కిందే, రేడియోల్లో వినిపించే కంఠం ఎవరో తెలియని ఒక వృద్ధురాలిది అని ఇంకో వాక్యం ఉంది.

ఆ వృద్ధురాలు మా అమ్మ. ఆ కళాకారుడు మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య. ఈ వయసులో కోపం మంచిది కాదని మీకూ నాకూ డాక్టర్లు చెబుతూనే ఉంటారు గానీ, నాకు మాత్రం ఆ పూట మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు. నలభై మెట్లు ఎక్కమన్నా ఎక్కేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చిన మా అమ్మాయి, మా, డోంట్ బీ సో యాంగ్రీ లా, పాత సంగతి కదా అంది. పాతదే. పాతదైతే పగ పులిసిపోవాలని ఎక్కడుంది?

మేము మలేషియాలో పుట్టిన తెలుగువాళ్ళం. తాతగారి కాలంలో పేరాక్ వైపు కొబ్బరితోటల పనికి వచ్చిన కుటుంబం మాది. నాన్న నా చిన్నప్పుడే పోయారు; పందొమ్మిదో ఏట నేను పని వెతుక్కుంటూ సింగపూరు వచ్చి, రేడియోలు బిగించే ఫ్యాక్టరీలో చేరి, రెండేళ్ళకు అమ్మను తెచ్చుకున్నాను. మన తరం ఆడపిల్లలు ఎంతమంది అలాంటి ఫ్యాక్టరీల్లో కళ్ళూ వేళ్ళూ అరగదీసుకున్నారో మీకు తెలుసు. నావి మాత్రం చెవులు. బెల్టు మీద నా ముందుకొచ్చిన ప్రతి రేడియోనూ తీసుకుని, నైలాన్ స్క్రూడ్రైవరుతో కాయిలు లోపలి మరను వెంట్రుకవాసి తిప్పుతూ, గొంతు తేటపడేదాకా విని, ఆ మర మళ్ళీ కదలకుండా దాని నెత్తిన ఒక చుక్క రంగుమైనం కరిగించి వేయడం నా పని. చెడిపోయి తిరిగొచ్చిన సెట్టు ఎవరి చేతిదో తెలియాలని ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రంగు ఇచ్చారు. నేను చేరేసరికి ఎరుపూ పచ్చా నీలమూ అన్నీ అయిపోయి, వంకాయరంగు మిగిలింది. తప్పు పట్టుకోవడానికి ఇచ్చిన రంగు అది. పదకొండేళ్ళలో వంకాయరంగు చుక్క ఉన్న సెట్టు ఒక్కటి కూడా నా బల్ల మీదకు తిరిగి రాలేదు. ఈ మాట గొప్పకు చెప్పుకుంటున్నాననుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ ఫ్యాక్టరీ తర్వాత వేరే దేశానికి తరలిపోయింది. చివరి వారంలో, మూత పగిలినవీ పిడి ఊడినవీ ఎవరికి కావలసినన్ని వాళ్ళు పట్టుకెళ్ళండన్నారు. అందరూ ఒకటీ రెండూ తీసుకెళ్తే, నేను కూరగాయల బుట్టలో సర్దుకుని, బస్సులో అయిదు రోజులు మోసుకొచ్చి, బిషాన్‌లో అమ్మా, మావారూ, నేనూ అప్పుడు ఉంటున్న ఫ్లాటులో మంచం కింద నలభై చేర్చాను. అన్నీ నేను సరిచేసినవే. ఎందుకు తెచ్చావే ఇవన్నీ అని అమ్మ అడిగింది. పదకొండేళ్ళు చెవి పెట్టి విన్నవాటిని చెత్తకుండీకి వదిలి రాలేకపోయాను, అంతే.

అప్పుడే, సింగపూరులోనే పెరిగిన అన్నయ్య యూరప్‌లో సంగీతం చదువుకుని తిరిగొచ్చాడు. ఆ సంగీతంలో రాగమూ ఉండదు, తాళమూ ఉండదు. రేడియో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య వచ్చే బుసా, ఈలా, గరగరా, అవే స్వరాలు. చిన్న ట్రాన్స్‌మిటర్లతో గదిలోనే ఒక స్టేషను పెట్టి, చుట్టూ రేడియోలు పరచి, వాటి మధ్య జనాన్ని కూర్చోబెట్టి అప్పటికప్పుడు వాయించాలని అతని కోరిక. భోజనానికి వచ్చి మంచం కింద రేడియోలు చూసి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కోరిక ఉందే గానీ రేడియో మూత ఎటువైపు తెరుచుకుంటుందో అతనికి తెలియదు. ఆ సంగతులన్నీ నాకు తెలుసు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ రోజుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. బాల్‌పెన్ను రీఫిల్లు మీద రాగితీగ అయిదు చుట్లు చుట్టి కాయిలు చేసి, ఒక ట్రాన్సిస్టరూ, చొక్కా గుండీ అంత మైకూ, చిన్న బ్యాటరీ కలిపి నేను చేసిన ట్రాన్స్‌మిటరు అగ్గిపెట్టెలో పట్టేది. కాయిలు దగ్గరికి చెయ్యి తెస్తే స్టేషను జరిగిపోయి రేడియోలన్నీ మూలిగేవి. చెయ్యి తీస్తే సర్దుకునేవి. ఫ్యాక్టరీలో ఏ బుసను పోగొట్టడానికి జీతమిచ్చారో ఆ బుసతోనే ఇంట్లో ఆడుకోవడం నాకు సెలవుల్లో బడి తాళంచెవి దొరికినట్టుండేది. ఒకరోజు రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకే చోట కలిశాయి. రెండూ సమానబలంతో ఉంటే రేడియో ఎటూ తేల్చుకోలేక గింజుకుంటుంది. ఒకటి కాస్త బలంగా ఉంటే మాత్రం రెండోదాన్ని ఆనవాలు లేకుండా మింగేస్తుంది. ఎఫ్.ఎం. రేడియో నైజమే అంత, ఇద్దరు మాట్లాడితే ఇద్దరినీ వినదు, దగ్గరున్న గట్టివాడినే వింటుంది. అన్నయ్యకు ఇది విడమరిచి చెప్పబోతే, అవన్నీ నువ్వు చూసుకో చెల్లాయ్ అన్నాడు. చెవిన పెట్టకపోవడం అతని ఖర్మ.

మొదటి ప్రదర్శన మా బ్లాకు కిందే జరిగింది. ఇక్కడి ఫ్లాట్ల కింద నేల అంతస్తు స్తంభాలతో ఖాళీగా ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. పెళ్ళయినా చావయినా అక్కడే. నలభై ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, కుర్చీకొకటి చొప్పున రేడియో పెట్టాం. వచ్చినవాళ్ళు ఆ రేడియోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలని అన్నయ్య ఉద్దేశం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి బయట ఉండి వచ్చాడేమో, సొంత ఊరి మర్యాద మరిచిపోయాడు. ఈ ఊళ్ళో హాకర్ సెంటరుకు తినడానికి వెళ్ళినవాళ్ళు ముందు ఒక టిష్యూ ప్యాకెట్టో గొడుగో కుర్చీలో పెట్టి మరీ వెళ్తారు, దాన్ని చోప్ చేయడం అంటారు. అలా వస్తువు పెట్టిన కుర్చీలో కూర్చునే మొనగాడు సింగపూరులో పుట్టలేదు. కుర్చీ కుర్చీకీ రేడియో చూసి, పాపం ఎవరో అన్నీ చోప్ చేసి వెళ్ళారనుకుని, వచ్చినవాళ్ళందరూ స్తంభాలను ఆనుకుని చుట్టూ నిలబడిపోయారు. అన్నయ్య బల్ల దగ్గర్నుంచి కూర్చోండి కూర్చోండి అని చేతులూపుతుంటే, అదీ సంగీతంలో భాగమే అనుకుని తలలూపారు. ఒక్క మా అమ్మ మాత్రం, మోకాళ్ళు లాగుతున్నాయని, రేడియోను ఎత్తి ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

అయినా ఆ వేళ సంగీతం బాగా వచ్చింది. ఖాళీ కుర్చీల్లోంచి బుస లేచి, స్తంభాలకు తగిలి, ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరుగుతూ ఉంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మొరాయించిన రేడియో ఒకదాన్ని సరిచేస్తూ నేను కుర్చీల మధ్య మోకాళ్ళ మీదే ఉన్నాను. వారం తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలో పెద్ద ఫొటోతో రాశారు. ఖాళీ కుర్చీలు గొప్ప ఊహ అని, ఈ నగరంలో కనపడకుండా పోయిన మనుషులందరూ వచ్చి కూర్చున్నట్టుందని మెచ్చుకున్నారు. ఆ కుర్చీల ఆలోచన తనకు రెండేళ్ళుగా మనసులో ఉందని అన్నయ్య వాళ్ళకు చెప్పాడు. అది చదివి నేను పగలబడి నవ్వాను. ఆ మనిషి గుణం నాకు అప్పుడే బోధపడి ఉండాల్సింది.

పత్రిక ఇంటికొచ్చిన పొద్దున నేను భోజనాల బల్ల మీద ఒక కొత్త ట్రాన్స్‌మిటరును పరీక్ష చేస్తున్నాను. కాయిలు వేడెక్కేకొద్దీ స్టేషను కాస్త కాస్త జరుగుతుంది. ఎప్పుడు జరుగుతుందో పట్టుకోవడానికి దాన్ని అరగంట ఆన్ చేసి వదిలి, పడకగదిలోని రేడియో క్యాసెట్టులో వచ్చిందంతా రికార్డు చేసి తర్వాత వినేదాన్ని. అందుకని ఆ రోజుల్లో మా ఇంటి చప్పుళ్ళన్నీ, కుక్కరు కూతలతో సహా, నా క్యాసెట్ల మీదకు ఎక్కేవి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పత్రికను బల్ల మీద పరచి, సరిగ్గా ఆ గుండీ మైకు పక్కనే కూర్చుని, ఫొటో మీద వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టింది. అన్నయ్య ఉన్నాడు, కుర్చీలున్నాయి, రేడియోలున్నాయి. వేలు ఒక చివర్నుంచి ఇంకో చివరికి పోయి వెనక్కి వచ్చింది.

"ఇందులో నువ్వెక్కడున్నావే? ఎక్కడున్నావే, కనపడవేం?"

ఫొటో అంచున నా మోచేయి ఒకటి పడింది, అదే చూపించాను. అమ్మ ఆ మోచేతిని చాలాసేపు చూసి, పత్రిక మడిచి పక్కన పెట్టింది. మరుసటి వారం అన్నయ్య భోజనానికి వచ్చినప్పుడు మాత్రం కంచం ముందు పెట్టి, కూర గిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడింది. మకాన్ తర్వాత తిందువుగాని, ముందు నాకొక మాట చెప్పరా అబ్బాయ్, అమ్మాయి పేరెందుకు వెయ్యలేదు అని అడిగింది. అన్నయ్య నొచ్చుకున్నాడు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"మర్చిపోయా పిన్నీ. నెక్స్ట్ షోలో ఫస్ట్ నేమ్ చెల్లాయిదే. ప్రామిస్."

అమ్మ చేపల కూర వడ్డించింది. ఆ మరుసటి ఏడాది అమ్మ పోయింది. అన్నయ్య వచ్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు, ఆ మాట దాచను.

తర్వాతి పెద్ద ప్రదర్శన ఏసీ హాలులో, వెల్వెట్ తెరల మధ్య. మూడు నెలలు తీరిక వేళలన్నీ దానికే పెట్టాను. ఎవరూ స్టేషను మార్చకుండా నలభై రేడియోల ట్యూనింగు మరలనూ నా వంకాయరంగు మైనంతో బిగించేశాను. ఈసారి చోప్ గొడవ లేకుండా రేడియోలు కుర్చీల కింద పెట్టించాను. ప్రదర్శనకు వారం ముందు అన్నయ్య మా ఇంట్లో ఒక కవరు మరిచిపోయి వెళ్ళాడు. అందులో ఆ రోజు పంచే కార్యక్రమ పత్రం అచ్చై ఉంది. దీపాలవాళ్ళ పేరుంది, తెరలవాళ్ళ పేరుంది, కుర్చీలు అద్దెకిచ్చిన కంపెనీ పేరు కూడా ఉంది. నా పేరు లేదు. ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. నా వేలు కూడా అమ్మ వేలిలాగే ఆ చివరికి పోయి వెనక్కి వచ్చింది.

అడిగి ఉంటే వేయించేవాడేమో. ఈ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ అడగాలనిపించలేదు, అమ్మ ఒకసారి గిన్నె పట్టుకుని నిలబడి అడిగింది, అది చాలు. ఆ వారమంతా నాకు బలే హుషారుగా గడిచింది. అన్నయ్య వాయించబోయే ట్రాన్స్‌మిటర్లన్నీ నేను చేసినవేగా, వాటి బలం సగానికి తగ్గించి, బుద్ధిగా పెట్టెలో సర్ది పంపాను. నాకోసం దానికి నాలుగింతల బలమున్నది ఒకటి చేసుకున్నాను. లైసెన్సు లేకుండా ఇలాంటివి వాడితే చిక్కులొస్తాయని మావారు భయపడ్డారు. భయపడుతూనే, దాన్ని దాచడానికి తన స్టీలు టిఫిన్ క్యారియరు తెచ్చిచ్చారు. స్టీలు గిన్నెలో పెట్టి మూత బిగిస్తే అది ఇంకెవరికి వినపడుతుందండీ అని నవ్వాను. అమ్మ చివరిసారి పెట్టిన ఆవకాయ ప్లాస్టిక్ డబ్బా ఖాళీగా ఉంది. అడుగున నూనె మరక చూస్తూ కడగడానికి మనసొప్పక అలాగే ఉంచాను. ట్రాన్స్‌మిటరు అందులో సరిగ్గా పట్టింది. పాత క్యాసెట్లన్నీ వెతికి, అమ్మ ప్రశ్న ఉన్నదాన్ని పట్టుకుని, ఆ ఒక్క ముక్కనే ఇంకో క్యాసెట్టు మీదకు ఏడుసార్లు వరసగా ఎక్కించుకుని, చిన్న క్యాసెట్ ప్లేయరును తీగతో ఆ ట్రాన్స్‌మిటరుకు కలిపాను.

హాలులో సీట్లకు నంబర్లు లేవు. అన్నయ్య నన్ను వెనక వరసలో కూర్చోమన్నాడు. నేను అందరికంటే ముందు వెళ్ళి, మూడో వరస నడిమి కుర్చీని టిష్యూ ప్యాకెట్టుతో చోప్ చేసుకున్నాను. దీపాలు ఆర్పారు. ప్రతి కుర్చీ కిందా, స్టేషను అందిందని చెప్పే చిన్న ఎర్రదీపం. అన్నయ్య చేతులు గాలిలో ఊపుతూ ట్రాన్స్‌మిటర్లను మూలిగిస్తున్నాడు, ఈల వేయిస్తున్నాడు; బాగానే ఉంది, నేను నేర్పిందే. ఇరవై నిమిషాలయ్యాక సంచిలో చెయ్యి పెట్టి మీట నొక్కాను. నలభై రేడియోలూ ఒక్కసారిగా మూగబోయాయి. ఏమీ పలకని గట్టి స్టేషను పట్టుకున్న రేడియోలో బుస కూడా ఉండదు. ఎర్రదీపాలు వెలుగుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. అన్నయ్య ఒక మర తిప్పాడు, ఇంకోటి తిప్పాడు, పెట్టెను చేత్తో తట్టాడు. అతన్ని అలా ఒక నిమిషం తిప్పనిచ్చి, క్యాసెట్టు నొక్కాను.

కుక్కరు కూత, పత్రిక గరగర, ఆ తర్వాత అందరి కాళ్ళ కిందనుంచీ అమ్మ గొంతు. ఇందులో నువ్వెక్కడున్నావే? ఆ హాలులో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. అన్నయ్య చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. పోయిన పిన్ని నలభై చోట్ల నుంచి అడుగుతోంది, ఎక్కడున్నావే, కనపడవేం. అతను చీకట్లోకి కళ్ళు చికిలించి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంత సుఖం నా జన్మలో ఎరగను, మీకు ఎలా అనిపించినా సరే. ఏడోసారి అయ్యాక మీట కట్టేశాను.

అప్పుడు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆగకుండా కొట్టారు. అన్నయ్య ఒక్క క్షణం తెల్లమొహం వేసి, తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా వంగి దణ్ణం పెట్టాడు. ఖాళీ కుర్చీలను మింగినవాడు దీన్ని మాత్రం మింగకుండా ఉంటాడా? పత్రికలు ఆ నిశ్శబ్దాన్నీ, ఆ తెలియని భాషలో వినిపించిన ముసలి గొంతునూ ఆకాశానికెత్తాయి. నెల తర్వాత మావారితో కబురు పంపాడు, ఆ క్యాసెట్టు అసలుది కావాలట. ఇవ్వనన్నాను. ఆ రోజు హాలులో ఎక్కించిన రికార్డింగూ, నా నలభై రేడియోలూ ఎలాగూ అతని దగ్గరే ఉండిపోయాయి. వాటినే పట్టుకుని ఏ దేశాలు తిరిగాడో నాకు తెలియదు, నేను మాట్లాడటం మానేశాను. నా పగ అతనికి పేరు తెచ్చిపెట్టింది. మా అమ్మ అతని బతుకుతెరువైంది. బయటపడి చెబుదామంటే ట్రాన్స్‌మిటరు సంగతి ఒప్పుకోవాలి, మావారి ఉద్యోగానికి ఏమవుతుందోనని భయం. అలా ఏళ్ళు గడిచాయి. మావారు రిటైరయ్యారు, మేము బిషాన్ వదిలి చోవా చూ కాంగ్ వచ్చాం, ఇల్లు మారినప్పుడు మావారు పారేయబోయిన ఆవకాయ డబ్బాను నేను లాక్కుని దాచాను.

ఫొటో వచ్చిన మరుసటి శనివారం మధ్యాహ్నం ఆ ప్రదర్శనశాలలో అన్నయ్య ప్రసంగం ఉందని మా అమ్మాయి చెప్పింది. డబ్బాకు కొత్త బ్యాటరీ వేశాను. ఒకసారి చూసుకుందామని ఇంట్లో పాత రేడియో పెట్టి మీట నొక్కితే, ఎర్రదీపం వెలిగి బుస ఆగిపోయింది. మావారు ఈసారి భయపడలేదు. క్యారియరు కావాలా అని అడిగి నవ్వారు. గాజు పలకల ముందు వేసిన కుర్చీల్లో మూడో వరస చూసి టిష్యూ ప్యాకెట్టు పెట్టాను. నలభై రేడియోలూ నేను మైనంతో బిగించిన స్టేషను మీదే నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కటీ జరగలేదు. గోడలో ఎక్కడో పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటరు నుంచి అమ్మ ఆగి ఆగి అడుగుతూనే ఉంది.

అన్నయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, పెదనాన్నగారి పోలిక బాగా తేలింది, అది చూసి నా మనసు ఒక్క రవ్వ మెత్తబడింది కూడా. ఇంతలో ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, ఈ గొంతు ఎవరిదని అడిగింది. అది గాలిలోంచి వచ్చిందనీ, ఎవరిదో తెలియకపోవడమే దాని అందమనీ అన్నయ్య ఇంగ్లీషులో మహా తీరుబడిగా చెప్పాడు. నేను మీట నొక్కాను.

అమ్మ గొంతు మధ్యలో తెగిపోయింది. ఎర్రదీపాలు నలభై వెలుగుతున్నాయి, అంతటా నిశ్శబ్దం. అన్నయ్య వెనక్కి తిరిగి రేడియోల వైపు చూశాడు. ఈ నిశ్శబ్దాన్ని అతను ఎరుగును. డబ్బా మూత తీసి, గుండీ మైకు దగ్గర నోరు పెట్టి, మెల్లగా అన్నాను.

"ఇక్కడే ఉన్నానమ్మా. మూడో వరసలో."

నా మాట నలభై రేడియోల్లోంచి నాకే వినపడింది. లేచి నిలబడ్డాను. నా హ్యాండుబ్యాగులో ఫ్యాక్టరీనాటి నైలాన్ స్క్రూడ్రైవరూ, మిగిలిన వంకాయరంగు మైనపు ముక్కా ఉన్నాయి. ఆ ముక్కను గాజు మీద ఆనించి, లోపలి చుక్కల పక్కన పెట్టి చూడమన్నాను. ఇది రహస్య లిపి కాదు, తప్పు చేస్తే పట్టుకోవడానికి ఒక ఫ్యాక్టరీ పిల్లకిచ్చిన రంగు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ గొంతు ఎవరిదో, ఏమని అడుగుతోందో కూడా చెప్పాను. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వెంటనే ఆపమన్నాను. పోయినసారి మీరు చప్పట్లు కొట్టే ఇదంతా అతనికి అప్పగించారన్నాను. చప్పట్లు ఆగాయి.

అన్నయ్య తల దించుకుని, షీ ఈజ్ మై సిస్టర్, దట్ ఈజ్ మై ఆంటీస్ వాయిస్ అని మైకులో చెప్పాడు. తర్వాత మైకు పక్కన పెట్టి, కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చాడు.

"పిన్నికి మాటిచ్చాను కదా చెల్లాయ్. వేయిస్తాను."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అమ్మ పోయిననాడూ ఉన్నాయి. పిన్ని చూసే రోజుల్లో వేయించలేకపోయావు కదన్నయ్యా అని మాత్రం అని, డబ్బా సంచిలో పెట్టుకుని, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని వచ్చేశాను. ట్రైనులో అది నన్ను అడిగింది, సో, యు ఫర్‌గివ్ హిమ్ ఆర్ నాట్ అని. లేదన్నాను. అతను మరిచిపోవడం వల్ల నాకేమీ పెద్దగా పోలేదు. అమ్మ వేలు ఆ ఫొటో మీద ఆ చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది చూశారూ, దానికి మాత్రం నా దగ్గర క్షమాపణ లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, మనకు తెలిసిన ఆ రేడియోలే లేవు. మా అమ్మాయి ఫోనులో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయట, పక్కింటివాళ్ళ గొంతు ఒక్కటి దూరడానికి మాత్రం సందు లేదు. కాయిళ్ళు లేవు, తిప్పే మరలు లేవు, ఫలానా పిల్ల చేతిదని చెప్పే రంగుచుక్క లేదు. మన కాలంలో ఎవరైనా మన మాట మింగేస్తే, పచ్చడి డబ్బాలో నాలుగింతల బలం పెట్టుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చునేవాళ్ళం. ఇవాళ్టి పిల్లలు తమది పోయిందని తెలుసుకున్నా, ఏ హాలుకు వెళ్ళి ఏ కుర్చీ చోప్ చేస్తారు?

నిన్న మళ్ళీ వెళ్ళాను. కొత్త అట్ట పెట్టారు. కంఠం అని అమ్మ పేరు, దాని కింద రేడియోలూ ట్రాన్స్‌మిటర్లూ అని నా పేరు, ఆ కింద అన్నయ్య పేరు. కళ్ళజోడు పెట్టుకుని, గాజు మీద వేలు పెట్టి, ఆ చివర్నుంచి జరుపుకుంటూ వచ్చి నా పేరు దగ్గర ఆపాను. అమ్మకు చూపిద్దామని పక్కకు తిరిగాను కూడా, అలవాటుగా. గాజు వెనక నలభై రేడియోల్లోంచి ఆమె ఇంకా అడుగుతూనే ఉంది.